నీడలు కుట్టే ముసల్ది

చాంద్ బీ బొంతల్లో దయ్యాలను పెట్టి కుడుతుందని ఎమ్మిగనూరులో ఒక మాట పుట్టింది. ఆమె కుట్టిన బొంత మీద పడుకుంటే పిల్లలు ఉలిక్కిపడి లేస్తారట. ఆదోని నుంచి కాపురానికి వచ్చేటప్పుడే రేకు డబ్బాలో పన్నెండు మంది మంత్రగాళ్లను మూసి తెచ్చుకుందట. ఉరుకుంద తిరునాళ్ల నుంచి తిరిగొచ్చే బస్సులో పుట్టిన ఆ మాట మా వీధికి చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు.

డబ్బా నిజమే. అందులో మంత్రగాళ్లు ఉండేదీ నిజమే.

అప్పటికి ఏడో తరగతితో నా బడి ఆగిపోయి ఏడాదైంది. పొద్దున మా ఇంట్లో మగ్గానికి కండెలు చుట్టి, మధ్యాహ్నం చాందక్క దగ్గర బొంతలు కుట్టడానికి పోయేదాన్ని. జమ్రుద్‌బీ, శ్రీశైలమ్మ కూడా వచ్చేవాళ్లు, నా ఈడు పిల్లలే. చేతులు నొప్పి పుట్టినప్పుడు సూదులు పక్కన గుచ్చి ఆట మొదలుపెట్టేవాళ్లం. సగం కుట్టిన బొంతే ఆటకు పటం. ఎర్ర ముక్క కోట, నల్ల ముక్క బావి, పసుపు ముక్క మిట్టమధ్యాహ్నపు బయలు. మేం ముగ్గురం మూడు చింతగింజలం. మంత్రగాడు మాత్రం చాందక్క. డబ్బా మూత తీసి, అరచేయంత గుడ్డ ముక్క ఒకటి బొంత మీద పెట్టేది. దాని మీద దారంతో ముఖం కుట్టి ఉండేది.

"కోటలోకి వచ్చినారు. తలుపు ఎనక ఎవురో దగ్గుతాండారు. ఏం చేస్తారు?" అనేది.

ఏం చేస్తామో మేం చెప్పాలి. చెప్పింది జరుగుతుందో లేదో ఐదు గవ్వలు చెప్పేవి.

ఆ డబ్బాలో మబ్బులు మింగే రాజు ఉండేవాడు. ముట్టుకున్న ఇనుమునల్లా తుప్పు పట్టించే రాణి ఉండేది. అందరికంటే గట్టిది నీడలు కుట్టే ముసల్ది. దానికి ఎర్రదారం కళ్లు. మనిషి నీడను సూదితో నేలకు కుట్టేసిందంటే ఆ మనిషి ఇక కదల్లేడు. అది వచ్చిన కొత్తలో నాలుగు రోజులు వరసగా ఓడిపోయాం. ఐదో రోజు జమ్రుద్‌బీ గవ్వలు విసిరేసింది.

"నీ ముసల్దాన్ని నువ్వే పెట్టుకోని ఆడుకో అక్కా. మేం కదిలేదే ల్యాకపోతే ఆటెందుకు? నిద్రపోతే పోలా?"

చాందక్క కోపం తెచ్చుకోలేదు. ముసల్దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది. "తప్పు నాదే," అంది. "ఓడిపోని దయ్యాన్ని ఎవురైనా చేస్తారు. దానికి ఓడిపోయే దోవ పెట్టేదే పని."

మర్నాటికి ముసల్ది మారింది. నీడ కుట్టిన ప్రతిసారీ దాని చూపు కొంత పోతుంది. మూడోసారికి గుడ్డిదైపోతుంది. మంత్రం వేసే ముందు దారం కొసను నోట్లో తడుపుకుంటుంది. ఈ చివరి సంగతి చాందక్క నోటితో చెప్పలేదు. ఆటలో ఊరికే వేలు పెదవికి ఆనించేది, అంతే. శ్రీశైలమ్మ, జమ్రుద్‌బీ వాదించుకుంటూ అది చూడలేదు. నేను చూశాను. మంత్రం పడబోతోందని తెలిసి, ఎప్పటిలాగే మాట్లాడకుండా నా గింజను పసుపు ముక్క మీదికి జరిపాను.

"మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కింద ఉంటాది, ఇంగ దేన్ని కుడుతుంది?" అని చాందక్క నవ్వింది. ఆ రోజు గెలిచాం.

గెలిచిన సంబరంలో పొద్దు చూసుకోలేదు. పక్క వీధి సుంకులమ్మవ్వ కుట్టించుకుంటున్న ఆ బొంత సాయంత్రానికే ఇవ్వాలి. చివరి వరస గబగబా నేనే కుట్టాను. పక్కనున్న ముక్కలన్నీ ఒకటే కొలత. కుట్టేటప్పుడు ముక్కలు బోర్లా వేసి కుడతాం కాబట్టి దేని మీద ముఖం ఉందో కనపడలేదు, తొందరలో తిప్పి చూసుకోలేదు.

పది రోజులు చాందక్క ముసల్దాని కోసం డబ్బా వెతికింది, చాప దులిపింది. నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. నోరు మాత్రం విప్పలేదు.

తిరునాళ్ల మర్నాడు సుంకులమ్మవ్వ బొంత తెచ్చి గడపలో పడేసింది. వెనక ఆమె మనవరాలు, ఐదేళ్ల ఉరుకుందమ్మ, అవ్వ చీర పట్టుకొని నిలబడింది.

"ఏమ్మే చాంద్ బీ, ఏం కుట్టినావు దీంట్లో? గుడికాడ పరిస్తే పిల్ల దీని మీద కాలు పెట్టల్యా. కండ్లుండాయంట. ఒకటే ఏడుపు! మా వీధిలో ఇంగ ఎవురూ నీకు పాత చీరలియ్యరు, చెప్తాండా."

చీరలు రాకపోతే బొంతలు లేవు, మా మధ్యాహ్నాలూ లేవు. చాందక్క బొంత చివరి వరసలో ముసల్దాన్ని చూసింది. తర్వాత మా ముగ్గురి వైపు చూసింది. ఎవరు చేశారని అడగలేదు. "నా పొరపాటే అవ్వా," అనబోయింది.

"నేను కుట్టినా," అన్నాను.

సుంకులమ్మవ్వ నోరు తెరిచింది. "ఈ పిల్లకు మాటలుండాయా! మూగదనుకోని మా పక్కింటోళ్లకు సంబంధం గూడా చెప్పకపోతిని కదే."

అందరూ నవ్వారు, నేను తప్ప. ఆ నవ్వులోనే చాందక్క ఉరుకుందమ్మను దగ్గరికి పిలిచింది. ముసల్దాని ముక్కకు మూడు వైపులా కుట్లు కోసి తిప్పింది. వెనక వేలిగోరంత పసుపు గుడ్డ కుట్టి ఉంది.

"ఇది నీడలు కుట్టే ముసల్ది. నీ నీడ యాడుంది చూడు."

పిల్ల వాకిట్లోకి పోయి కిందికి చూసింది. ఎండ నడినెత్తిన ఉంది. "కాళ్ల కిందుంది."

"మరి అదేం కుడుతుంది?"

పిల్ల ఇంకోసారి తన కాళ్ల కిందికి చూసుకుంది. లోపలికొచ్చి ఒక కాలు బొంత మీద పెట్టి చూసింది. తర్వాత రెండు కాళ్లతో ముసల్దాని మీద ఎగిరి దూకింది.

"సరే, విప్పెయ్ దాన్ని," అంది సుంకులమ్మవ్వ.

"వద్దు, నాది," అని ఉరుకుందమ్మ బొంతను పట్టుకుంది. మిగిలిన వైపు కూడా విప్పి, ముక్కను తిరగేసి నాలుగు వైపులా మళ్లీ నేనే కుట్టాను, పసుపు గుడ్డ పైకి కనపడేలా. ఆ వారమే సుంకులమ్మవ్వ రెండు పాత చీరలు పంపింది. డబ్బాలోకి చాందక్క ఇంకో ముసల్దాన్ని చేసుకుంది.

ఆ పుకారు ఇప్పటికీ ఉంది. ఆదోనిలో కూడా చెప్పుకుంటారని విన్నాను. చాందక్క దయ్యాలను కుట్టిందన్నది నిజమే. డబ్బాలోవన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూశాను. పన్నెండు కాదు, పందొమ్మిది. ప్రతి దాని వెనకా దాన్ని ఓడించే దోవ కుట్టి ఉంది.