వల్లూరు చిక్కన్న ఎత్తిన వీళ్యం

పావగడ తాలూకాలో కుస్తీ మాట వచ్చిందంటే వల్లూరు చిక్కన్న పేరు రాకుండా ఉండదు. మడకశిరలో ఒళ్లు కాలే జ్వరంతో గోదాలోకి దిగి గెలిచినవాడు చిక్కన్న. శిరాలో వెండి కడియం తొడిగించుకున్నవాడు చిక్కన్న. చెళ్ళకెరెలో తనకంటే జానెడు ఎత్తున్న పైల్వానును చిత్తు చేసి, అదే సాయంత్రం ఇంటికొచ్చి గొర్రెలకు నీళ్లు పెట్టినవాడూ చిక్కన్నే. తుమకూరు పెద్దలు పిలిపించి తలకు పేటా కట్టారు. ఇన్ని చేసిన మనిషి ఇప్పుడు కుస్తీ నేర్పే తన సొంత గరిడికి పోవడానికి రోజూ పొద్దున్నే ఒక గేటు ముందు నిలబడి వాదించాల్సి వస్తోంది.

సోలారు కరెంటు ప్లాంటుకు భూములు తీసుకున్నప్పుడు చిక్కన్న తన శెనక్కాయ చేనంతా లీజుకిచ్చి, గరిడి ఉన్న చోటు మాత్రం ఇవ్వనని పట్టుబట్టాడు. సరేనన్నారు. దాని చుట్టూ ప్యానెళ్లు లేచాయి. ప్యానెళ్ల చుట్టూ కంచె లేచింది. ఆ కంచె గేటులో యూనిఫాం వేసుకుని కూర్చున్న సెక్యూరిటీ ఎవరంటే ధనంజయ. చిక్కన్న శిష్యుల్లో కడపటివాడు, అందరిలోకీ గట్టివాడు. లంగోటా కట్టడం ఎట్లాగో తను నేర్పినవాడే "పాసు యాడ మామా?" అని అడుగుతుంటే చిక్కన్నకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మిగిలిన శిష్యుల్లో కొందరు ప్యానెళ్లు కడిగే పనికి కుదిరారు, కొందరు బెంగళూరు బస్సెక్కారు. గోదాలో మట్టి తవ్వి, అందులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా ఉంచడానికి చిక్కన్న ఒక్కడే మిగిలాడు. ఆ మజ్జిగేదో నువ్వే తాగితే ఒంటికైనా పట్టేది గదా అని పెళ్లాం హొన్నూరమ్మ సణిగేది.

నిడుగల్లు కొండ కింద ఏటా కుస్తీలు జరుగుతాయి. వాటికి ముందే ఊళ్ల పెద్దలు కూర్చుని జోడీలు కడతారు. పళ్లెంలో ఆకూ వక్కా పెట్టి పైల్వాను పేరు చెబుతారు. వాడికి ఎదురు నిలిచే శిష్యుడున్న వస్తాదు ఆ వీళ్యం ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే మాట ఇచ్చినట్టే. ఎత్తిన వీళ్యం తిరిగి పళ్లెంలో పెట్టినవాడిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

ఆ ఏడు హిరియూరు యోగానంద పేరు చెప్పారు. ఎద్దులాంటి మనిషి. ఎవరూ కదల్లేదు. అప్పుడు యోగానంద వస్తాదు మారన్న ఇటు తిరిగాడు.

"ఏమప్పా చిక్కన్నా, మీ ఊర్లో ఇప్పుడు అద్దాలు తుడిచేటోళ్లే గానీ పైల్వాన్లు పండరంట గదా."

అంతే. చిక్కన్న లేచి వీళ్యం ఎత్తి, ధనంజయ పేరు గట్టిగా చెప్పేశాడు.

ఇంటికొచ్చాక హొన్నూరమ్మ ఒకటే అడిగింది. "వాణ్ని అడిగినావా?"

"శిష్యుణ్ని అడిగేదేంది? చెప్పేదే."

చెప్పాడు. ధనంజయ కుర్చీలోంచి లేవకుండానే రానన్నాడు. చిక్కన్న మడకశిర జ్వరం సంగతి చెప్పాడు. శిరా కడియం సంగతి చెప్పాడు. మరునాడు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చాడు. ధనంజయ అవి తిని, పాసు అడిగాడు. ఆ తర్వాత బాదంపప్పు తెచ్చాడు. అదీ తిన్నాడు, మళ్లీ రానన్నాడు. ఇక లాభం లేదని హొన్నూరమ్మను ధనంజయ ఇంటికి పంపిస్తే, ఆమె వాడి పెళ్లాం వినుత చేతి రాగిముద్ద కడుపునిండా తిని, వాళ్ల పక్షం చేరి తిరిగొచ్చింది. వాడు చెప్పేదే సరిగ్గా ఉండాదని మొగుడి మొహం మీదే అనేసింది.

కుస్తీల రోజు దగ్గర పడింది. చిక్కన్న గేటు దగ్గర నిలబడి, గురువు పరువు తీసేకే పుట్టినావా అని అరిచాడు. ప్యానెళ్లు కడిగేవాళ్లు చేతిలో పైపులు వదిలేసి చూశారు. ధనంజయ అప్పుడు లేచాడు. యూనిఫాం గుండీలు విప్పి కుడి చెయ్యి పైకెత్తాడు. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంతే లేస్తుంది మామా. యోగానంద ఫస్టు దీన్నే పట్టుకుంటాడు. ఇది మళ్లీ జారితే నన్ను ఈ కుర్చీలో గూడా కూర్చోనియ్యరు. నీకు తెలీదా? జారినప్పుడు ఎక్కించింది నువ్వే గదా."

చిక్కన్న గేటు తోసుకుని గరిడి వైపు నడవబోయాడు.

"తెలిసి గూడా ఎత్తుకుంటివి. నన్ను ఒక్క మాట అడిగింటే నీకేం పోతుండె?"

చిక్కన్న విసురుగా గరిడిలోకి వెళ్లి పార పట్టుకున్నాడు. ఎవరి మీద కోపమో ఆయనకే అంతు చిక్కలేదు. ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఎముక కూర్చోబెట్టినప్పుడు ఈ పిల్లవాడు పళ్లు బిగించుకుని ఒక్క కేకైనా వెయ్యలేదు. అది గుర్తుకొచ్చి మట్టిని ఇంకా గట్టిగా పొడిచాడు. ఎండ ముదిరి ప్యానెళ్ల మీద కళ్లు నిలవనప్పుడు బయటికొచ్చాడు.

"డ్యూటీ దిగినాక బండి తియ్యి. నిడుగల్లుకు పోవల్ల."

"ఏమిటికి?"

"ఎత్తింది దించేకి."

దారిలో బండి గుంతల్లో తోలుతున్నావని తిట్టాడు. ఆ రోజు ఎత్తుకొచ్చిన ఆకులు వాడిపోయాయని కాటమ్మ అంగట్లో కొత్తవి తీసుకుని, చిరిగిన ఆకులిచ్చిందని ఆమెతో పోట్లాడి మార్పించుకున్నాడు. దించేదే అయినా మంచి ఆకు దించాలి.

పెద్దలు కూర్చున్న చోట పళ్లెంలో వీళ్యం పెట్టి, నిటారుగా నిలబడి చెప్పాడు.

"పిల్లోణ్ని అడక్కుండా ఎత్తినా. వాని చెయ్యి బాగలేదని నాకు తెలుసు. తప్పు నాది."

మారన్న ఊరుకోలేదు. "అంత పైల్వానువు, కడాకు ఆకు దించితివే."

"దించినా. బాగా ఇని పెట్టుకో మారన్నా, రెండోసారి చెప్పను."

ఆ ఏడు నిడుగల్లు మైకులో వల్లూరు పేరు వినబడలేదు. యోగానందకు మడకశిర పక్కనుంచి ఎవరినో తెచ్చి జోడీ కట్టారు. చిక్కన్న మొదటిసారి జనంలో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ, ఏ జోడీ దిగినా ఆయనే లేచేవాడు. కాలు అట్లా గాదురా, నడుము వంచరా అని గోదాలోకి అరిచేవాడు. మాకు కనబడేదెట్లా, కూర్చోవయ్యా పెద్దాయనా అని వెనకవాళ్లు మొత్తుకున్నారు. ధనంజయ ఎడమ చేత్తో ఆయన పంచె పట్టి లాగి కూర్చోబెట్టాడు. రెండు నిమిషాలు కాలేదు, చిక్కన్న మళ్లీ లేచాడు.