బస్సు వెనక సగం

మా బావకి డిపోలో పెట్టిన పేరు అద్వైతం. సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇరవై రెండేళ్ళు ఆయన బస్సుకి కండక్టర్ని నేనే. మా అక్కనిచ్చిన పాపానికి ఆయన చెప్పేది ఇంట్లోనూ వినాలి, బస్సులోనూ వినాలి. రెండు చోట్లా విన్నాను.

చెప్పేది ఒక్కటే. నడిపేవాడు వేరు, బండి వేరు అనుకోవడం వట్టి భ్రమట. చూసేవాడికీ, కంటికి కనబడేదానికీ మధ్య గీత మనం గీసుకున్నదేనట. టీ ఊదుకుంటూ, "మనిషి చర్మం దగ్గర అయిపోతాడని ఎవడు చెప్పాడ్రా నీకు?" అనేవాడు. "ఎవడూ చెప్పలేదు బావా. అక్కడ అయిపోతేనే కదా చొక్కా కుట్టించుకోడానికి వీలు" అనేవాణ్ణి. నవ్వేవాడు కాదు.

రైలు వంతెన కింద నుంచి పోతుంటే తల వంచేవాడు. బస్సు పైకప్పుకీ వంతెనకీ మధ్య మూరెడు జాగా ఉంటుంది, ఆయన తలకీ పైకప్పుకీ మధ్య ఇంకో రెండడుగులు. అయినా వంచాల్సిందే. పోస్టాఫీసు సందులో తిరిగేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునేవాడు. ఇంజను వేడెక్కితే తను గటగటా నీళ్ళు తాగేవాడు, ఇంజనుకి పొయ్యడం నా వంతు. మా అక్క అనేది: "బస్సులో నట్టు వదులైతే ఈయనకి నిద్ర పట్టదు. ఇంట్లో గ్యాసు అయిపోయిందంటే మాత్రం పక్కింటి సంగతి విన్నట్టు వింటాడు."

నాకు ఒళ్ళు మండేది అందుక్కాదు. ఆ సిద్ధాంతంలో నేనెక్కడా లేను. ఆయనా బస్సూ ఒకటి, సరే. మరి రివర్సు తీసిన ప్రతిసారీ వెనక మెట్ల మీద వేలాడుతూ, గొంతు చించుకుని, రేకు మీద దబదబా బాదేవాణ్ణి, నేనెవర్ని? ఒకరోజు అడిగేశాను. కాసేపు తల గోక్కుని, "నువ్వు కండక్టరువి" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి టీ తేలేదు.

పోయినేడు కొత్త బస్సులొచ్చాయి. పాతవాటికన్నా నాలుగడుగులు పొడవు. టిక్కెట్టు మిషనే ఇస్తుంది, కండక్టరు అక్కర్లేదు. నన్ను స్టోర్సులో వేశారు. డ్రైవర్లకి పరీక్ష పెట్టారు. వర్క్‌షాపులో రెండు స్తంభాల మధ్య నుంచి బస్సుని వెనక్కి తీసుకెళ్ళి గీత మీద నిలబెట్టాలి. తప్పితే ఇక స్టీరింగు లేదు, టైర్ల గోడౌన్లో కుర్చీ. "కుర్చీలో కూర్చుంటే నేను ఎక్కడిదాకా ఉంటాన్రా?" అన్నాడు బావ. ఆయన మొహంలో భయం చూడటం నాకదే మొదలు. వారం రోజులు డ్యూటీ దిగాక కొత్త బస్సు చుట్టూ కళ్ళు మూసుకుని, తడుముకుంటూ తిరిగాడు. వాచ్‌మన్ కంగారుపడి నాకు ఫోను చేశాడు. కొలతలు తీసుకుంటున్నాడని చెప్పాను.

పరీక్ష రోజు సగం దాకా వెనక్కొచ్చి ఆపేశాడు. కిందికి దిగి, "వెనక తెలియట్లేదండీ" అన్నాడు పరీక్ష పెడుతున్న ఫోర్‌మన్‌తో.

"అద్దాలున్నాయి, కెమెరా ఉంది. కనబడట్లేదా?"

"కనబడుతోందండీ. తెలియట్లేదు."

ఫోర్‌మన్ చెడ్డవాడు కాదు. ఏం చేద్దామంటారని అడిగాడు. "మా బావమరిదిని వెనక సీట్లో కూర్చోనివ్వండి" అన్నాడు బావ. "ఆయన నోరెత్తితే ఒప్పుకోను" అన్నాడు ఫోర్‌మన్.

ఎక్కి చివరి సీట్లో కూర్చున్నాను. నోరెత్తలేదు, రేకు ముట్టుకోలేదు. బస్సు వెనక్కి కదిలింది. ఎడమ స్తంభం జానెడు దూరంలోకి రాగానే నాకు తెలియకుండానే కుడికి జరిగాను. బస్సూ జరిగింది. చక్కగా వెళ్ళి గీత మీద ఆగింది. లోపలి అద్దంలో నన్ను చూసి ఉంటాడు అనుకుని తల ఎత్తాను. కొత్త బస్సుల్లో ఆ అద్దం పెట్టలేదు.

"బావుంది. ఇప్పుడు రూలు ప్రకారం ఒక్కరే చెయ్యాలండీ" అన్నాడు ఫోర్‌మన్.

దిగి గేటు దగ్గర నిలబడ్డాను, ఓ యాభై అడుగుల దూరంలో. బావ తలుపేసుకున్నాడు. బస్సు తిన్నగానే వచ్చింది. చివర్లో కాస్త వంకర పోయి వెనక మూల స్తంభానికి కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు, ఒక లైటు పగిలింది. నాకు మాత్రం నడుం కలుక్కుమంది. ఓరి నాయనో అంటూ అక్కడే చతికిలబడ్డాను. ఇలాంటివి నేను నమ్మను. ఇప్పుడు నమ్మమన్నా నమ్మను. కానీ నొప్పి పుట్టింది.

ఫోర్‌మన్ తల దించుకుని కాగితం మీద రాస్తున్నాడు. బావ దిగాడు. బస్సు వెనక్కి వెళ్ళి చూసుకుంటాడనుకున్నాం అందరం. ఆయన అటు చూడనైనా చూడలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, వంగి, నడుం మీద చెయ్యి వేశాడు.

"దెబ్బ గట్టిగా తగిలిందా?"

డిపో అంతా చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"తగిలింది బావా" అన్నాను.