అడుగు కనపడని జాడీ

నూజివీడు నుంచి ముసునూరు పోయే దారిలో, మామిడితోటల రైతులు చందాలేసుకుని కట్టించిన ఇరవై పడకల ధర్మాసుపత్రి ఒకటుండేది. ఆ ఆసుపత్రికి డాక్టర్లు వచ్చారు, పోయారు. సూర్యకాంతం మాత్రం పంతొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. అందరూ కాంతమ్మగారనేవాళ్ళు. ఆపరేషన్ గదిలో సామాన్లు మరిగించడం, కుట్లకు కట్లు కట్టడం ఆవిడ పని. ఆవిడ చేతి మీద జనానికున్న నమ్మకం అంతా ఇంతా కాదు. "కట్టు కట్టింది కాంతమ్మగారేనా? ఇంకేం, మానిపోతుంది పో!" అనేవాళ్ళు పురిటికొచ్చిన ఆడపిల్లల తల్లులు.

అనరు మరి? తెల్లారకముందే తలస్నానం, తన చేత్తో ఉతికి ఆరేసుకున్న చీర, మొదలంటా కత్తిరించిన గోళ్ళు. శివాలయం అర్చకుడు గంగాధరంగారి కూతురు. పెళ్ళయిన ఆరేళ్ళకే భర్త పోతే పుట్టింటికొచ్చి, ఇరవై ఏడో ఏట అప్పటి కాంపౌండరు దగ్గర పని నేర్చుకుంది. మడి, శుభ్రం అనేవి ఆవిడకి వేరువేరు కావు. ఇంట్లో వంటగది గడప దగ్గర ఎంత పట్టింపో, ఆపరేషన్ గది గడప దగ్గరా అంతే పట్టింపు. ఆవిడ బల్ల ఆవిడదే. ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునే రకం కాదు.

ఆ బల్ల మీద తెల్లటి పింగాణీ జాడీ ఒకటి, దాన్నిండా లోషన్, ఆ లోషన్‌లో ఎప్పుడూ నిలబెట్టి ఉండే పొడుగాటి పటకారు. మరిగించిన కత్తెర గానీ, గాజుగుడ్డ గానీ, దూది గానీ చేయి తగలకుండా ఆ పటకారుతోనే తీయాలి. లోషన్ విజయవాడ నుంచి మూడు నెలలకోసారి వచ్చేది, అదీ చాలీచాలకుండా. కాంతమ్మ రోజూ పొద్దున్నే జాడీలో తగ్గినంత మేరా కొత్తది పోసి అంచుదాకా నింపేది. ఖాళీ చెయ్యడం అన్న మాటే లేదు. ఆవిడ చిన్నప్పుడు గుళ్ళో అఖండ దీపం పని ఆవిడదే. నూనె అడుగంటకముందే పోస్తూ ఉండాలి, అడుగు కనపడిందా, నాన్నగారు ఆ పూట మాట్లాడేవారు కాదు. పెద్దయ్యాక దీపం పోయి జాడీ వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఆ జాడీ అడుగు చూసినవాళ్ళు లేరు. అది ఆవిడకి గర్వం కూడాను.

అలాంటి చోట గోవిందమ్మ చచ్చిపోయింది.

ఎనభై ఆరో సంవత్సరం, చైత్రమాసం. రెడ్డిగూడెం రైతు కుటుంబంలో పిల్ల, తొలిచూలు. ఆ ఏడే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ప్రమీలారాణి ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. మగబిడ్డ. మూడో రోజుకి జ్వరం, అయిదో రోజుకి కట్టు మీద ఆకుపచ్చటి తడి, పదకొండో రోజుకి మనిషే లేదు. వాళ్ళమ్మ బిడ్డను భుజానేసుకుని బండి ఎక్కుతూ కాంతమ్మ చేయి పట్టుకుని, "నువ్వు మాత్రం ఏం లోటు చేశావు తల్లీ!" అంది. ఆ మాట ఆవిడ గుండెల్లో గుచ్చుకుపోయింది. రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నుంచి కట్లు కట్టే పని ఇంకా నిష్ఠగా చేసింది. జాడీ నిండా లోషన్ పోసింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

వైశాఖం వచ్చేసరికి ముసునూరు నుంచి కామేశ్వరి అనే ఇరవై ఏళ్ళ పిల్ల. మళ్ళీ ఆపరేషన్. నాలుగో రోజుకి కట్టు మళ్ళీ ఆకుపచ్చన. వార్డులో అదో రకం తియ్యటి మగ్గిన వాసన. కాయల కాలం కదా, మంచాల కింద మామిడిపళ్ళ బుట్టలున్నాయి. ఎవరింటినుంచి వచ్చినా ఒక బుట్ట మోసుకొస్తారు. "ఆ రసాలు తీసి బయట పెట్టండమ్మా, వాసన తల తిరిగిపోతోంది" అని కాంతమ్మ కసిరింది. బుట్టలు బయటికి పోయాయి. వాసన పోలేదు. కాయలు పోయినా వాసన ఉంటుందిలే అనుకుంది.

ఆసుపత్రి సెక్రటరీ జగన్మోహనరావు, నలభై ఎకరాల తోట ఉన్న ఆసామి, డాక్టరమ్మనీ కాంతమ్మనీ కూర్చోబెట్టి పంచాయితీ పెట్టాడు.

"ఒకళ్ళు పోయారు. ఇంకొకళ్ళు పోయేట్టున్నారు. ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. ఏంటండీ ఇది? ఎక్కణ్ణించి వస్తోంది?"

"అదే వెతుకుతున్నానండీ" అంది ప్రమీలారాణి. "బయటినుంచి రావడం లేదు. మన గదిలోనే ఎక్కడో ఉంది."

"గదిలోకి పోయేదెవరు? మీరు, కాంతమ్మగారు, నేల తుడిచే రాయప్ప. మీ ఇద్దరి సంగతీ నాకు తెలుసు. ఇక వాడే. ఊరవతల పేటలోంచి వచ్చి, ఆ గుడ్డా ఆ బక్కెట్టూ... కాంతమ్మగారూ, మీరేమంటారు?"

కాంతమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. రాయప్ప పన్నెండేళ్ళుగా ఆ గది తుడుస్తున్నాడు. ఒక్కనాడు మానలేదు. ఫినాయిల్ ఆమడ దూరం వాసనొచ్చేట్టు వేస్తాడు. అయినా ఆవిడ నోటినుంచి వచ్చిన మాట మాత్రం ఇది:

"వాడి చేతుల్ని నమ్మలేమండీ."

అంతే. రాయప్పను మర్నాటినుంచి రావద్దన్నారు. అతను బక్కెట్టు బోర్లించి, గుడ్డ పిండి తీగ మీద ఆరేసి వెళ్ళిపోయాడు.

పోయింది రాయప్ప. పోనిది చీము. కామేశ్వరికి జ్వరం నూట నాలుగు దాటింది. పక్క మంచంలో కణితి ఆపరేషన్ అయిన ముసలావిడ కట్టు కూడా పచ్చబడింది. అప్పుడు ప్రమీలారాణి చిన్న చిన్న గాజు గొట్టాలు తెప్పించి, నేల, కుళాయి, బల్ల, కత్తెర, తన సొంత చేతులు, ఒక్కోదాని మీదా దూది రాసి విజయవాడ ల్యాబుకి పంపింది. చివరికి జాడీలోని లోషన్ కూడా కాస్త తీసింది. కాంతమ్మ మొహం ఎర్రబడిపోయింది.

"నా జాడీ మీదా అనుమానమేనా డాక్టరమ్మా?"

"అనుమానం మనుషుల మీద కాదు కాంతమ్మగారూ. అన్నీ చూడాలిగా."

"చూడండి, చూడండి. పంతొమ్మిదేళ్ళ నుంచీ చేస్తున్నాను." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికి నడిచింది. ల్యాబునుంచి కబురు రావడానికి వారం పైగా పడుతుందన్నారు. కామేశ్వరికి అన్ని రోజులు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. కాంతమ్మ పెట్టే ఆవకాయ రెండేళ్ళున్నా ముక్క మెత్తబడదు. కాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, ఆవపిండీ కారం నూనెలో కలుపుతోంది. తమ్ముడి భార్య హైమవతి జాడీలు అందిస్తోంది. ఒక జాడీలో నిరుటి ఆవకాయ అడుగున రెండు గుప్పెళ్ళుంది. హైమవతి కొత్తగా కలిపినది గరిటెతో తీసి దాని మీదే వెయ్యబోయింది.

"అయ్యో అయ్యో! ఏం పనే అది?" అని కాంతమ్మ ఒక్క కేక పెట్టింది. "పాతదాని మీద కొత్తది వేస్తారుటే ఎవరైనా? అడుగున ఏ కాస్త పాడున్నా పైనదంతా నాశనం. ముందా పాతది తీసెయ్, జాడీ వేణ్ణీళ్ళతో కడుగు, ఎండలో పెట్టు, తడి లేకుండా ఆరాక అప్పుడు..."

మాట అక్కడే ఆగిపోయింది.

"ఏంటొదినా?" అంది హైమవతి. "ఏమైంది? కళ్ళు తిరిగాయా?"

కాంతమ్మ లేచింది. చేతులకున్న నూనె, కారం కూడా కడుక్కోలేదు. ఎర్రటి ఎండలో ఆసుపత్రి దాకా పరుగులాంటి నడక నడిచింది. ఇంట్లో ఆవకాయకు తెలిసిన సంగతి అక్కడ మనుషుల కుట్ల దగ్గర ఎందుకు తోచలేదు? పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఎందుకు తోచలేదు?

ఆపరేషన్ గదిలో ప్రమీలారాణి అప్పుడే కామేశ్వరి కట్టు మార్చడానికి పటకారు అందుకోబోతోంది.

"ముట్టుకోకండి!" అంది కాంతమ్మ గుమ్మంలోంచే. "డాక్టరమ్మా, దాన్ని ముట్టుకోకండి."

ఆ కారపు చేతులతోనే జాడీ ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళి తూము దగ్గర వంచింది. లోషన్ పోయింది. పోయాక అడుగున ఉన్నది జారలేదు. వేలు పెట్టి గీరితే నాచులా, జిగటగా, పచ్చగా చేతికి వచ్చింది. తియ్యటి మగ్గిన వాసన గుప్పుమంది. మామిడిపళ్ళది కాదు ఆ వాసన. ఎన్నడూ కాదు. ఆవిడ అక్కడే చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

ప్రమీలారాణి పక్కన గొంతుక్కూర్చుంది. "లోషన్ అన్నిట్నీ చంపుతుందనుకుంటాం. బతికేవి బతుకుతాయి కాంతమ్మగారూ. ఇన్నేళ్ళూ అలాంటిది చేరలేదు, ఈ ఏడు ఎప్పుడో చేరింది. పాతదాంట్లో కొత్తది పోస్తుంటే వాటికి మేపినట్టే. ఆ పటకారుతో తీసిన గుడ్డే కుట్టు మీద పెడుతున్నాం. మీకు నేర్పినవాళ్ళు చెప్పి ఉండరు. నాకు మాత్రం తెలిసి ఉండాల్సింది. వచ్చిన రోజే అడగాల్సింది."

"మీరడిగితే చెప్పేదాన్ని కాదమ్మా. పోట్లాడేదాన్ని" అంది కాంతమ్మ.

ఆ రోజునుంచి జాడీ పద్ధతి మారింది. సాయంత్రం కాగానే ఒంపెయ్యడం, జాడీ, పటకారు రెండూ మరిగించడం, ఆరబెట్టడం, మర్నాడు కొత్త లోషన్, ఇప్పుడది నెలనెలా తెప్పించి. ల్యాబునుంచి వచ్చిన కాగితం కూడా ఆ మాటే చెప్పింది. నేల మీద పరవాలేదట. జాడీలో ఉందట. విజయవాడ నుంచి ఖరీదైన ఇంజక్షన్లు తెప్పించి పొడిచాక కామేశ్వరి నలభై రోజులకు లేచి, పొట్ట పట్టుకుని వంగి వంగి నడుస్తూ ఇంటికెళ్ళింది. బతికింది. ముసలావిడా బతికింది.

జగన్మోహనరావు కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది మనలో మనమాటగానే ఉండనివ్వండి. మీకు చెడ్డ పేరెందుకు?" అన్నాడు.

"మరి రాయప్ప పేరో?" అంది కాంతమ్మ. "వాణ్ణి పిలిపించండి. లేకపోతే నేను వెళ్ళి పిలుచుకొస్తాను, నూజివీడు బజారులో నిలబడి నేనే చేశానని చెప్తాను."

ఆయన పిలిపించలేదు. ఆవిడే వెళ్ళింది.

పేటలోకి ఆవిడ పుట్టి బుద్ధెరిగాక పోవడం అదే మొదలు. రాయప్ప వాకిట్లో తాటాకు బుట్టలు అల్లుకుంటున్నాడు. ఆవిడ్ని చూసి గాభరాగా లేచాడు. అతని భార్య లోపల్నించి పీట తెచ్చి, వెయ్యాలో వద్దో తెలియక పట్టుకు నిలబడింది. కాంతమ్మ ఆ పీట అందుకుని తనే వేసుకుని కూర్చుంది.

"నీది కాదు రాయప్పా తప్పు. నాది. ఆ జాడీలో ఉంది. గోవిందమ్మను చంపింది నా జాడీ." ఆవిడ అతని చేతుల వంక చూసింది. "నీ చేతుల్ని నమ్మలేమన్నది కూడా నేనే. అది చెబుదామనే వచ్చాను. మళ్ళీ పనిలోకి రా."

రాయప్ప తల వంచుకున్నాడు. "జాడీ సంగతి నాకు తెలుసమ్మగారూ."

"తెలుసా? ఏం తెలుసు?"

"వాసన. కాయలొచ్చినాక అందరూ కాయల వాసనన్నారు గానీ, తోటల్లో పిందె పడకముందే ఉందండీ అది. నేల తుడుస్తా ఆ బల్ల కిందికి పోతే ముక్కుకి కొట్టేది."

"తెలిసి కూడా నోరు మూసుకున్నావా? ఒక్క మాట చెప్తే పోయేది కదయ్యా!" ఆవిడకి కోపమే వచ్చింది.

"చెప్పానండి." అతను ఆవిడ మొహంలోకి చూడకుండానే అన్నాడు. "మాఘమాసంలో. తోటలు పూత మీదున్నాయి. 'అమ్మగారూ, ఆ జాడీ కాడ' అన్నాను. 'దూరం, దూరం! నీ పని నేల తుడవడం, అది చూసుకో' అన్నారు. మళ్ళీ చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

కాంతమ్మకు గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ రాయప్ప, తన చేతిలో లోషన్ సీసా, కిటికీలోంచి మామిడిపూత వాసన. ఆ పూట తను ఎంత విసుక్కుందో కూడా గుర్తొచ్చింది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. మాఘం, ఫాల్గుణం, చైత్రం. అప్పటికి గోవిందమ్మ ఇంకా రెడ్డిగూడెంలో, ఏడో నెల కడుపుతో, పురిటికి ఏ ఆసుపత్రి మంచిదని ఇరుగూ పొరుగునీ అడుగుతూ ఉండి ఉంటుంది.