బావగారి పరీక్ష, నా కొబ్బరిపాలు

ఇప్పటి కుర్రాళ్ళు ఏ పానీయంలో ఏది ఎంత కలుపుతారో పప్పుచారు వివరించినట్టు చెప్పేస్తుంటే నోరు తెరుచుకుని వింటాను. వాళ్ళ వయసులో మాకంత జ్ఞానం ఎక్కడిది! తొంభైల్లో, మద్యనిషేధం ఎత్తేసి నారాయణగూడలో బార్లు మళ్ళీ తలుపులు తీసిన కొత్తలో, అశోక్‌నగర్‌లోని మా ఇంటిదాకా మద్యం గురించి చేరిన సమాచారం అంతంతమాత్రమే. అది ఎర్రగా ఉంటుంది, కంపు కొడుతుంది, తాగినవాడు మొహం వికారంగా పెడతాడు. ఇది మా నాన్నగారు మాకు చెప్పిన పాఠం. ఆయన తెనాలి నుంచి వచ్చి సచివాలయంలో స్థిరపడ్డ మనిషి, జీవితంలో కాఫీకి మించిన మత్తు ఎరుగరు. (ఆ కాఫీ కోసం మా అమ్మను పెట్టిన బాధ వేరే కథ.) నేనేమో డిగ్రీ అయిపోయి, చిక్కడపల్లి లైబ్రరీలో ఉద్యోగ ప్రకటనలు చదివి చదివి, సాయంత్రానికి మిర్చిబజ్జీలు తిని ఇంటికి చేరే నిరుద్యోగిని. కాబట్టి ఇంట్లో ఎవరికే పని పడినా నా పేరే పిలిచేవారు.

ఆ ఏడాదే అక్కకు రాంనగర్ సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్ళది తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం, పుస్తకాలూ కాగితాలూ అమ్మే దుకాణం. పెళ్ళిచూపుల్లో అక్క కంగారుపడి చక్కెర వేయడం మరిచిపోయిన కాఫీని ఆ అబ్బాయి కిమ్మనకుండా చివరి గుటకదాకా తాగేశాడు. అంతే, మా అక్క పడిపోయింది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పి, ఎవరికైనా చెప్తే చంపుతానంది. నాన్నగారికి మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. మగపెళ్ళివారు నోరు తెరిస్తే దావత్ అంటున్నారు. మేనమామ వస్తే దావత్, బండి కొంటే దావత్. "దావత్ అంటే తాగుడేగా! అబ్బాయి తాగుబోతైతే పిల్ల గొంతు కోసినవాళ్ళమవుతాం" అని ఆయన నిద్ర మానేశారు. తాగుతాడని తేలితే సంబంధం వద్దనేద్దామని తీర్మానం కూడా అయిపోయింది. ఇంతలో ఆ అబ్బాయే స్కూటరేసుకుని వచ్చి, "అంకుల్, తమ్మున్ని జర దావత్‌కు తీస్కపోత. పొద్దుగూకకముందే తెచ్చి దింపుత" అన్నాడు. నాన్నగారి కళ్ళు మెరిశాయి. నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఒరేయ్, నువ్వు బాగా అలవాటున్నవాడిలా నటించు. మొహమాటం పోతే అతని అసలు రంగు బయటపడుతుంది. వచ్చి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు. తలుపు చాటు నుంచి అక్క నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరవలేను.

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఆ బార్లోకి అడుగుపెట్టేసరికి బయట మండే ఎండ, లోపల చిమ్మచీకటి. తడుముకుంటూ వెళ్ళి ఎవరి ఒళ్ళోనో కూర్చోబోయి, ఆయన "అన్నా, గా బాజుల ఖాళీ ఉన్నది" అంటే పక్క బల్లకు వెళ్ళాను. మెడకు నల్ల బో టై కట్టుకున్న బేరర్ వచ్చి, చదువుకోవడానికి మెనూతో పాటు టార్చిలైటు కూడా ఇచ్చాడు. (అంత మర్యాద నాకు ఏ ఇంటర్వ్యూలోనూ జరగలేదు.) ఉప్పూ కారం పట్టించిన ఉల్లిపాయ ముక్కలు, పల్లీలు అడక్కుండానే వచ్చాయి. టార్చి వెలుగులో చూస్తే విస్కీ, బ్రాందీ, రమ్ము అని వరసగా శత్రువుల పేర్లే. వాటిని జాగ్రత్తగా దాటుకుంటూ చివరి పేజీకొచ్చాను. అక్కడున్న వాటి పేర్లకు నోరు తిరగలేదు గానీ, ఒకదాని పక్కన అనాసపండు బొమ్మ ఉంది. "ఇదేమిటండీ?" అన్నాను.

"గది కాక్‌టెయిల్ సార్, కొత్తగ స్టార్ట్ చేసినం. పైనాపిల్ జూస్, కొబ్బరిపాలు, ఐసు, పైన చెర్రీ. మస్తుంటది. ఫ్యామిలీలు గూడ ఇదే అడుగుతయ్" అన్నాడు బేరర్. అందులో రమ్ము కూడా ఉంటుందని ఆయన చెప్పలేదు. బార్లో కూర్చున్నవాడికి ఆ ముక్క వేరే చెప్పాలా పాపం! నేనేమో లోలోపల మురిసిపోయాను. తెల్లగా, తియ్యగా, మా అమ్మ పరమాన్నంలో పోసే కొబ్బరిపాలు! నటనకు నటన, నిష్ఠకు నిష్ఠ. "అదే పట్రండి, ఎప్పుడూ తాగేదే" అని దర్జాగా వెనక్కి వాలాను. కాబోయే బావగారు మాత్రం లైమ్ సోడా, ఉప్పేసి అన్నాడు.

మొహమాటం, ఇంకేమిటి! అది వదలగొట్టడం నా బాధ్యత అనుకుని గ్లాసు ఎత్తాను. నిజం చెప్పొద్దూ, అమృతం. అంతలో వచ్చిన గోబీ మంచూరియా ఎంత కారంగా ఉందంటే ఒక ముక్క నోట్లో పెట్టగానే చెవుల్లోంచి పొగలొచ్చాయి. మంచినీళ్ళ బదులు కొబ్బరిపాలే గటగటా తాగేశాను. "ఇంకోటి పట్రండి! ఆయనక్కూడా!" అన్నాను. బావగారు కంగారుగా, "వద్దు తమ్మీ, నాకు అలవాటు లేదు. నువ్వు గూడ జర మెల్లగ" అన్నాడు. అన్నాడే గానీ, నా చెవికి ఆ మాట అశోక్‌నగర్ నుంచి వినిపించినట్టుంది. బల్ల నెమ్మదిగా కదులుతోంది. కొత్త బారు కదా, బల్లలకు చక్రాలు పెట్టారు కాబోలు అనుకున్నాను.

రెండో గ్లాసు సగానికొచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని, "తమ్మీ, ఒక ముచ్చట చెప్పాలె. మా దిక్కు మంచి ముచ్చటైనా, చెడ్డదైనా దావత్‌లనే చెప్తరు, నారాజ్ గాకుండ. నీకు చెప్తే మీ ఇంట్ల జర మంచిగ చెప్తవని..." అంటూ నసగసాగాడు. ఆ వాక్యం పూర్తికాకముందే నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఎందుకో తెలియదు. సోడా గ్లాసు లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుని, "బావా! మీరు తాగకండి బావా! మీరు తాగుతారో లేదో చూసి రమ్మని మా నాన్న నన్ను పంపారు బావా! మీరు తాగితే ఈ పెళ్ళి ఆగిపోతుంది. అక్క చచ్చిపోతుంది. ఆ చప్పటి కాఫీ మొత్తం తాగారట కదా, ఆ రోజు నుంచీ మీ పేరే జపం!" అని బారంతా వినేలా ఏడ్చాను. పక్క బల్లాయన లేచొచ్చి నా వీపు నిమిరాడు. బేరర్ ఇంకో ప్లేటు పల్లీలు తెచ్చి నా ముందు పెట్టాడు.

బావగారు కొయ్యబారిపోయాడు. గూఢచారిని పంపినందుకు కోపమొచ్చిందేమో, కొంప మునిగిందనుకున్నాను. ఆయన నా చేతిలోంచి సోడా గ్లాసు తీసి బల్లమీద పెట్టాడు. "నిజంగనా తమ్మీ? మీ అక్కకు నేనంటే ఇష్టమేనా? మరి నా మొఖం సూడనన్న సూడలే గద! చాప దిక్కే సూస్కుంట కూసుంది. మీవోళ్ళు బలవంతంగ ఒప్పిస్తున్రేమో, ఎందుకు పిల్లను పరేషాన్ చేసుడని... నేనే వద్దందామని వచ్చిన. గా ముచ్చట చెప్పనీకే ఈ దావత్." అలా అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఒకరికి కాక్‌టెయిలు, ఒకరికి సోడా.

స్కూటర్ వెనక నన్ను కూర్చోబెట్టి, జారకుండా తన నడుం చుట్టూ నా చేతులు వేసి జేబురుమాలుతో ముడేసి, వెలుతురుండగానే ఇంటికి తెచ్చాడు. నాన్నగారు గేటు దగ్గరే కాపలా. నా వాలకం చూసి "నోరు తెరు" అన్నారు. తెరిచాను. ఆయన ముక్కు మూసుకుని గోడదాకా వెనక్కి వెళ్ళారు. అప్పుడు బావగారు వినయంగా ముందుకొచ్చి, "నాది గూడ సూడుండ్రి అంకుల్. గందుకే పంపిన్రని తమ్ముడు చెప్పిండు" అని నోరు తెరిచాడు. నాన్నగారు అంత సిగ్గుపడగా నేనెప్పుడూ చూడలేదు. పైకండువాతో మొహం తుడుచుకుని, గేటు బార్లా తీసి, "లోపలికి రండి, అల్లుడుగారూ" అన్నారు. వాడి సంగతి తర్వాత చూస్తాను అని కూడా అన్నారు. అది నా గురించి.

పెరట్లో కుళాయి కింద నా తల పెట్టి అక్క చెంబులతో నీళ్ళు గుమ్మరించింది. "ఏం వాగావురా ఆయనతో? అలా నవ్వుతున్నారేమిటి?" అని అడిగింది. "అంతా చెప్పేశానే" అన్నాను. వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత చెంబు పక్కన పెట్టి, తడిసిన నా తలను పైటకొంగుతో తుడుస్తూ తుడుస్తూ ఏడ్చేసింది.

ఇంట్లో మళ్ళీ ఆ సాయంత్రపు ప్రస్తావన నేను తేలేదు, బావా తేలేదు. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, మనుషులతో ఆచితూచి మాట్లాడటం వచ్చింది. ఎవరి మనసులో ఏముందో తెలిసినా, మనకెందుకులే అని ఊరుకోవడమూ వచ్చింది. అప్పుడప్పుడూ అక్కా బావా ఏదో చిన్నదానికి పోట్లాడుకుని మళ్ళీ నవ్వుకుంటుంటే, బల్లలకు చక్రాలున్నాయనుకున్న ఆ వెర్రి కుర్రాడు గుర్తొస్తాడు. ఉన్నదున్నట్టు చెప్పమని మా నాన్న పంపితే, వాడు నిజంగానే చెప్పేశాడు. కాకపోతే చెప్పాల్సిన మనిషికి చెప్పాడు. ఆ రోజు ఇప్పటి నన్ను అక్కడ కూర్చోబెట్టి ఉంటే పెద్దమనిషిలా బావ వద్దనే మాట పూర్తిగా విని, అలాగేనండీ అని తలూపి వచ్చేసి ఉండేవాణ్ణి.