థియరిటికల్‌గా కొమ్మలు విరగాలి

ఈ రోజు నూజివీడులో కొత్త హార్డ్ డిస్క్ కొన్నాను. నేను తీసిన పెళ్ళి వీడియోలతో పాతది నిండిపోయింది మరి. డబ్బా మీద సెకనుకి ఆరు గిగాబిట్లని ఇంత లావు అక్షరాలతో వేశారు. ఆ లెక్కన ఆరొందల మెగాబైట్ల దాకా రావాలి. ఇంటికొచ్చి స్పీడు కొలిచే బెంచ్‌మార్క్ పెడితే నూట అరవై దగ్గర చతికిలబడింది. ఒళ్ళు మండి షాపాయనకి ఫోన్ చేశాను.

"అది డిస్క్ స్పీడ్ కాదండీ, దాన్ని తగిలించే పోర్టు స్పీడ్. థియరిటికల్ లిమిట్ అంటారండీ," అన్నాడు ఎంతో మర్యాదగా. అంటే హైవే మీద వంద బోర్డు చూపించి మనకి మోపెడ్ అమ్మారన్నమాట.

స్పీకర్లో ఇదంతా విన్న మా బాబాయి నా మీదే ఎగిరాడు. "వాణ్ణి తిడతావేంట్రా? మనం పూత చూపించి మామిడితోట కౌలుకివ్వట్లా? పూతంతా కాయవుద్దని ఎవడన్నా రాసిచ్చాడా? ఇంతకీ ఏం లిమిట్టన్నాడూ?"

చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

సాయంత్రం ఆగిరిపల్లి నుంచి తోట కౌలుకి తీసుకునే ఆయన వచ్చాడు. చెట్లన్నీ తిరిగి చూసి, "పూత బానే ఉందండీ. కాపు ఎలా ఉంటదంటారు?" అని అడిగాడు.

బాబాయి కండువా సర్దుకుని, "థియరిటికల్‌గా కొమ్మలు విరగాలండీ," అన్నాడు.

ఆ ఇంగ్లీషు ముక్కకి ఆయన మురిసిపోయి అక్కడే బేరం ఖాయం చేసుకున్నాడు.

డబ్బా మీద రాసినంత స్పీడుగా పనిచేసేది మీ ఇంట్లో ఏదన్నా ఉంటే కామెంట్లో చెప్పండి. మా ఇంట్లో ఉన్నది బాబాయి ఒక్కడే. నేర్చుకున్న మాటని పూట తిరక్కుండా అమ్మేశాడు.