దారమే కోస్తుందన్న బావ

నిన్న తిరువళ్ళూరులో మా కంపెనీ గోడ వెంట ఒకాయన మిషను భుజానికి తగిలించుకుని గడ్డి కోస్తున్నాడు. పచ్చిగడ్డి వాసన, పెట్రోలు వాసన కలిసి ముక్కుకు తగలగానే కనకమ్మ సత్రం దగ్గరున్న మా అక్కవాళ్ళ అరెకరం గుర్తొచ్చింది.

మా బావ మగ్గం మనిషి. మగ్గం గుంటలో కూర్చుంటే లేవడు, లేస్తే మాట్లాడడు. సేద్యం ఆయనకు ఎంత తెలుసంటే, వేరుశెనగ కొమ్మలకు కాస్తుందని పెళ్ళయ్యేదాకా నమ్మాడు. నాలుగేళ్ళు వదిలేసిన ఆ నేలలో మనిషెత్తు గడ్డి, మధ్యమధ్య సర్కారు తుమ్మ మొక్కలు లేచాయి. ఆ గడ్డి చాటున పక్క పొలం ఆయన కంచె ఏడాదికి రెండడుగులు మావైపు నడిచింది. కంచెకు కాళ్ళుంటాయని నాకు అప్పుడే తెలిసింది. అక్క తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి సర్వేయరును గురువారానికి ఒప్పించింది. ఆలోగా బావ వాళ్ళ నాయన కాలంనాటి హద్దురాయి బయటపడాలి. లేకుంటే సర్వేయరు వచ్చిన దారినే పోతాడు, కంచె ఉన్నచోటే హద్దవుతుంది.

నేను జేసీబీ అన్నాను. అక్క కొట్టినంత పని చేసింది. "తుమ్మతో పాటు రాయీ లేచొస్తాది రా! పక్కాయనకు మనమే పండగ చేసినట్టుంటాది." కొడవళ్ళతో అయ్యే పని కాదు. చివరికి బుధవారం పొద్దున తిరుత్తణిలో మిషన్లు బాడుగకిచ్చే అంగడికి పోయాం. అంగడాయన ఇనుప బ్లేడు ఒకటి, నైలాన్ దారం చుట్ట ఒకటి ముందు పెట్టాడు. బావ దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇదే" అన్నాడు.

"బావా, అది గడ్డికి. తుమ్మకు బ్లేడే కావాల."

"పోప్పా. మూడు తరాలు మనకు దారమే అన్నం పెట్టింది. ఇనుము యాడ పెట్టింది?"

నేను బ్లేడు కూడా సంచిలో వేసుకున్నాను.

మొదటి తుమ్మకే దారం తెగింది. చుట్టలో ఇంకా బోలెడు దారం ఉంది, లాగితే చాలు. కానీ తెగిన పోగు కనబడితే బావ వేళ్ళు ఆయన్ని అడగవు. మిషను ఆపి, గట్టుమీద కూర్చుని, రెండు కొసలూ కలిపి కన్నుమూసి తెరిచేలోగా ముడేశాడు. అది మళ్ళీ తెగింది. మళ్ళీ ముడేశాడు. మూడోసారి ముడి ఊడి వచ్చి నా పిక్కకు తగిలింది.

"బావా, ఇది చీర కాదు. మనం నేసేదానికి రాలేదు!"

అక్క పడీపడీ నవ్వింది. నవ్వుతూనే, "రేపే గురువారం అయ్యా" అంది. ఆ మాటకు బావ బ్లేడున్న సంచికోసం చెయ్యి చాపాడు.

బ్లేడుతో సాయంత్రానికి తుమ్మలన్నీ పడుకున్నాయి. హద్దురాయి ఉండాల్సిన మూలకు రాగానే బావ తనే మిషను ఆపేశాడు. "ఇంక ఇనుము వద్దు. రాయికి తగిల్తే దానిమీద చెక్కిన గుర్తు పోతాది." మళ్ళీ దారం తగిలించి, చీరమీద నలక దులిపినట్టు గడ్డిని పైపైన ఊడ్చాడు. గుర్తు చెదరకుండా రాయి బయటపడింది. కంచె దానికంటే ఎనిమిది అడుగులు మావైపు ఉంది. అక్క పోయి ఆ రాయిమీద కూర్చుని, "ఎవరన్నా వచ్చి లేపండి చూస్తాం" అంది. మరునాడు సర్వేయరే వచ్చి మర్యాదగా లేపాడు.

కంచె వెనక్కి పోయింది. నేను నవ్వించడం మానలేదు గానీ, బావ దారాన్ని మాత్రం మళ్ళీ ఎగతాళి చేయలేదు. కాలం మనల్ని కూడా కొంచెం కొంచెం పక్కకు జరుపుతూనే ఉంటుంది. ఓపిగ్గా గడ్డి తీసి చూసేవాళ్ళుంటే తప్ప ఎంత జరిగామో తెలియదు.