మా అత్త అడుగు పెట్టని బాత్రూము

మా అత్త పోయిందని నాకు మొదట చెప్పింది బంధువులెవరూ కాదు, హార్డ్‌వేర్ అంగడాయన. ముందు రోజు ఆమె ఎంచుకున్న ప్లాస్టిక్ తలుపును పొద్దున్నే ఆటోలో వేసి పంపించాడు. ఆటో అతను వాకిట్లో నిలబడి ఎంత పిలిచినా పలుకు లేకపోయేసరికి పక్కింటామెను పిలిచాడు. ఆమె లోపలికి పోయి చూసి కేక పెట్టింది. ఆటో అతను చెప్పగా అంగడాయన నాకు ఫోన్ చేసి, "అక్కా, మీ అత్తమ్మ ఇంటికాడికి రాక్కా, ఉన్నపళంగా రా," అన్నాడు. ఆ గొంతులోనే అంతా తెలిసిపోయింది. నేను పోయేసరికి అత్త మంచం మీద నిద్రపోతున్నట్టే ఉంది. తలుపును కవరు కూడా విప్పకుండా ప్రహరీ గోడకు ఆనించి పోయాడు ఆటో అతను.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. వయసైపోయిందన్నారు చుట్టాలు. దేవుడు పిలుచుకున్నాడన్నారు పాస్టరయ్య. అందరి మాటకూ తలూపాను. పోయినవాళ్ల గురించి శాంతంగా రాయాలంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది, రాస్తూ ఉంటే ఇంకా మండుతోంది. అయినా మా అత్త గురించి శాంతంగా రాస్తే అందరికంటే ముందు ఆమే ఒప్పుకోదు.

ఆమె మా నాయనకు చెల్లెలు. తనకల్లులో ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్లు వంట చేసింది. మామ ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక సోమందేపల్లెలో మా వెనక వీధిలో చిన్న ఇల్లు కొనుక్కుని ఉండేది. మా ఇంట్లోనే ఉండమని ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. పండుగకు వచ్చినా చీకటి పడకముందే చెప్పులు వేసుకునేది. హాస్టల్లో కొత్తగా చేరిన వంటవాళ్లకు ఆమె ఒకటే మాట చెప్పేదట. "పిల్లోళ్లు అడిగేదాకా చూడొద్దమ్మా. అడిగించుకోని పెట్టేది పెట్టేది కాదు." గిన్నె పట్టుకుని వరుస వెంట నడుస్తూ, ఏ పళ్లెం ఖాళీ అవుతోందో కనిపెట్టి, ఆ పిల్ల నోరు తెరవకముందే అన్నం వేసేది. తాను మాత్రం ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

అలాంటి మనిషికి మోకాళ్లు పోయాయి. పాత మరుగుదొడ్డి ఇంటి వెనక, పెరటి మూల ఉండేది. దానికి రెండు ఎత్తు మెట్లు. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని ఎక్కేది. ఒకసారి వానకు జారి మోచెయ్యి దోక్కుపోయాక, పడుకునే గది పక్కనే, నేలకు సమంగా ఒక బాత్రూము కట్టించుకోవాలని నిశ్చయించుకుంది. "నా కాళ్లు నాకి పని చేసినన్ని దినాలు నా పని నేనే చేసుకోవాల. ఒకర్ని పట్టుకోమని పిలిచే గతి వద్దు నాకి," అంది. ఆమె కోరుకున్నది అంతే. మేడ కాదు, మిద్దె కాదు.

సామాను కొనేటప్పుడు ఆమెను చూసి తీరాలి. హార్డ్‌వేర్ అంగడికి నన్ను తోడు తీసుకుపోయింది. అంగడాయన అద్దంలా మెరిసే టైల్స్ తీసి చూపించాడు. అత్త సంచిలోంచి నీళ్ల సీసా తీసి టైలు మీద వంచింది. చెప్పులు విడిచి దాని మీద నిలబడింది.

"ఏం చేస్తాండావమ్మా, అంగడంతా నీళ్లాయ!" అని ఆయన మొత్తుకున్నాడు.

"నీవొచ్చి నిలబడప్పా దీని మీద. కాలు నిలుస్తాదేమో చూడు."

"అందరూ ఇదే తీసుకపోతాండారమ్మా. చూసేకి ఎంత బాగుండాది!"

"చూసేకి కాదప్పా, నిలబడేకి కావాల."

అలా ఒక్కొక్కటే తీయించి, తడిపి, తొక్కి, చివరికి అంగడి వెనక దుమ్ము పట్టిన బూడిద రంగు గరుకు టైల్స్ ఎంచుకుంది. కొళాయి తిప్పడానికి వేళ్ల బలం అక్కర్లేని పొడుగు పిడిది తీసుకుంది. అంగడాయన నేల తుడుచుకుంటూనే నవ్వాడు. "మీ అత్తమ్మట్లాంటి బేరం ఇంగొకటి వస్తే అంగడి మూసుకోవాలక్కా," అన్నాడు.

తర్వాత బేల్దారి వచ్చాడు. తాపీ పనివాళ్లను మా వైపు బేల్దార్లంటారు. ఊళ్లో మంచి పేరున్నవాడే. వచ్చిన మొదటి రోజే పాత మరుగుదొడ్డిని పగలగొట్టాడు. గుంత అదే వాడుకోవాలి, పైపు అటే పోవాలి, అన్నాడు. మధ్యాహ్నానికల్లా అది ఇటుకల కుప్ప అయింది. కొత్త గదికి పునాది తవ్వి, మోకాలెత్తు గోడ లేపి, అడిగినంత దుడ్లు తీసుకుని, "రేపొస్తా పెద్దమ్మా," అని పోయాడు. అప్పటికి ఇంకా చెనక్కాయ విత్తనం పడలేదు. కాయ పీకే కాలం వచ్చినా ఆ రేపు రాలేదు.

హైవే పక్కన లాడ్జీలు లేస్తున్నాయి, ఫ్యాక్టరీల వాళ్ల కోసం వరసగా అద్దె ఇళ్లు లేస్తున్నాయి. పెద్ద పనులు వదులుకుని ఒక ముసలామె బాత్రూముకు ఎవరొస్తారు? రాకపోతే పోయె, ఇంకొకరిని పెట్టుకోవచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది మెలిక. బేల్దారి పోతూ పోతూ సిమెంటు మోసే తన ఇనుప బాండ్లీ ఒకటి, ఇసుక జల్లెడ ఒకటి గోడకు ఆనించి పోయాడు. బస్సు కిటికీలోంచి సీటు మీద టవలు వేసినట్టు. ఆ సామాను అక్కడ ఉన్నంతకాలం ఆ పని అతనిది. ఇంకో బేల్దారి చెయ్యి పెట్టడు. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. నేను నలుగురిని అడిగాను. పక్కనున్న కొత్తచెరువు నుంచి కూడా ఒకాయన్ను పిలిపించాను. వాకిట్లోకి వచ్చి, బాండ్లీని చూసి, చెప్పులు కూడా విడవకుండా వెనక్కి తిరిగాడు. "వాని పనిలో ఈ పొద్దు నేను చెయ్యి పెడ్తే, రేపు నా పనిలో వాడు పెడ్తాడక్కా," అన్నాడు. కట్టుబాటంటే నాకూ గౌరవమే. కానీ పని చేసేవాడికి రక్షణగా పుట్టిన కట్టుబాటు పని చేయనివాడికి కంచె అయితే దాన్ని ఏమనాలి?

ఆ నెలలన్నీ మా అత్త బకెట్టు పట్టుకుని పక్కింటికి పోయింది. పక్కింటామె బంగారం లాంటి మనిషి, ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు. అయినా గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఒకసారి పోయొస్తా," అని అడగాలి కదా. వాళ్లింట్లో మగవాళ్లు ఉంటే వెనక్కి వచ్చి మళ్లీ పోవాలి. వాళ్లు ఊరికి పోయిన రోజు మా ఇంటిదాకా వీధి తిరిగి నడిచి రావాలి. ఇక్కడే ఉండిపో అత్తా అంటే, "నా ఇల్లు ఉండాది కదమ్మే," అనేది. కొన్నాళ్లకు ఆమె నీళ్లు తాగడం తగ్గించిందని గమనించాను. ఎండలో నడిచి వచ్చినా గ్లాసు అందిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేది. "తాగితే మల్ల పోవాల. పోవాలంటే అడగాల," అంది ఒకరోజు, నా ముఖం చూడకుండా. కరువులో పుట్టి, బిందె నీళ్ల కోసం మైళ్లు నడిచి పెరిగిన మనిషి, ఇంట్లో బోరు పెట్టుకుని దప్పికతో ఉంది. నేను డాక్టరును కాను. గుండె ఎందుకు ఆగుతుందో నాకు తెలియదు. కానీ ఆ రెండు గుక్కలను నేను మరచిపోలేను, ఎవరినీ మరచిపోనివ్వను.

ఆమె ఊరికే కూర్చుందనుకోకండి. ఒక పొద్దున బాండ్లీని, జల్లెడను ఆటోలో వేసుకుని హార్డ్‌వేర్ అంగడికి పోయింది. బేల్దార్లంతా పనికి పోయే ముందు అక్కడే టీ తాగుతారు. నేను వద్దన్నా వినలేదు, వెంట పోయాను. బాండ్లీని వాళ్ల మధ్య దభీమని పెట్టింది.

"వాని సామాన్లు ఇవి. తెచ్చి ఈడ పెట్టినా. నా పని నేను విడిపించుకుంటాండా. ఎవరొస్తారో రాండప్పా."

అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

"మీకి తల్లుల్లేరా? వాళ్లు యాడికి పోతాండారు రోజూ?"

అంగడాయన గల్లా వెనక నుంచి, "వాళ్లతో పెట్టుకుంటే నా అంగడి యాడ నడుస్తాదమ్మా," అని గొణిగాడు. అంతలో ఆ బేల్దారికి కబురు అందినట్టుంది, నా ఫోను మోగింది. "ఏమక్కా, నా సామాన్లు తెచ్చి రోడ్డున పడేసినారంట. మర్యాదేనా ఇది?" అని అతను నన్ను నిలదీశాడు. మర్యాదట! మరునాడు తానే బాండ్లీ, జల్లెడ మోసుకుని వచ్చాడు. రెండు వరసల ఇటుకలు పేర్చాడు. పని తనదేనని మళ్లీ రుజువు చేసుకుని, సామాను గోడకు ఆనించి, భోజనానికి పోయినవాడు పోయినట్టే పోయాడు. ఆ సాయంత్రం అత్త ఆ రెండు వరసలను చూస్తూ నవ్వింది. "కుక్క వచ్చి కాలెత్తి పోయినట్లుండాది," అంది. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఒకనాడు ఎవరి ద్వారానో కబురు పంపాడు, రేపు ఖాయంగా వస్తానని, తలుపు తెప్పించి పెట్టమని. అత్త నమ్మింది. కుంటుకుంటూ అంగడికి పోయి తలుపు ఎంచుకుంది. ఆ రేపు ఏమైందో మీకు ముందే చెప్పాను.

బేల్దారి సమాధుల తోటకు వచ్చాడు, దండ తెచ్చాడు. "నాకి తల్లి మాదిరి ఉండె," అని కళ్లు తుడుచుకున్నాడు. మా ఇళ్లలో మనిషి పోయిన కొన్నాళ్లకు చుట్టాలందరినీ పిలిచి ఆదరణ కూడిక పెడతాం. దానికి ఇంకా వారం కూడా లేదనగా అతను మనుషులతో దిగాడు. వెంట ఆ రోజు టీ గ్లాసుల్లోకి చూసినవాళ్లూ వచ్చారు, కొత్తచెరువు ఆయనా వచ్చాడు. ఒకరు గోడ, ఒకరు కప్పు, ఒకరు టైల్స్. ఇన్ని నెలలు నిలిచిన పని కళ్లముందే లేచి నిలబడింది. కూలి వద్దన్నారు. నేను ఉండబట్టలేక కొత్తచెరువు ఆయన్ను అడిగాను.

"ఆ పొద్దు చెయ్యి పెట్టనంటివే, ఇప్పుడెట్ల పెడ్తివప్పా?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "చావిల్లు కదక్కా. చావింట్లో ఎవరి పనైనా ఎవరైనా చేయచ్చు. చుట్టాలొస్తారు, ఇబ్బంది కాకూడదు కదా."

మంచితనంతోనే అన్నాడు. అందుకే నాకు ఎక్కువ మండింది. అంటే దారి ఉంది. మొదటి నుంచీ ఉంది. ఆ దారి తెరుచుకోవడానికి మా అత్త చావాల్సి వచ్చింది.

కూడిక రోజు వాకిట్లో పందిరి వేశారు. పాస్టరయ్య వాక్యం చదివారు, పాటలు పాడారు. భోజనాలకు ఆకులు వేశారు. బేల్దార్లంతా ఒకే బంతిలో కూర్చున్నారు. మా దూరపు బంధువు ఒకామె, ఆమెకూ మోకాళ్ల నొప్పులే, బాత్రూములోంచి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. "ఎంత బాగా కట్టించుకునిందమ్మా మీ అత్త! మెట్టు లేదు, జారేది లేదు. పుణ్యాత్మురాలు, అన్నీ అనుభవించి పోయింది," అంది.

"అనుభవించలేదు పెద్దమ్మా," అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఒక్క దినం కూడా దాంట్లో కాలు పెట్టలేదు. బకెట్టు పట్టుకోని పక్కింటికి పోతా పోతానే పోయింది. ఇది ఆమె పోయినాక కట్టినారు. మీ కోసం."

బంతిలో అన్నం కలుపుతున్న చేతులు ఆగాయి. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు బేల్దారి ముందు నిలబడి, పోయాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు. లోపల ఇంకెవరో కొళాయి తిప్పినట్టున్నారు. కొత్త టైల్స్ మీద నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు పందిరి చివరిదాకా వినిపించింది, చాలాసేపు.